అరువు నడక

ఎముకల మాస్టారి పాఠమంటే ఆ వైద్య కళాశాలలో ఇసుక వేస్తే రాలనంత మంది. ఆ గంటకి వేరే క్లాసు ఉన్న పిల్లలు కూడా దాన్ని ఎగ్గొట్టి వచ్చి వెనక గోడకి ఆనుకుని నిలబడేవారు. ఎముకల పాఠం నిజానికి చప్పటి వ్యవహారం. ఏ గాడి ఎక్కడుంది, ఏ మొన ఎటు తిరిగింది, ఏ కండరం ఎక్కడ అతుక్కుంది, అన్నీ పేర్ల మీద పేర్లు. ఆ పేర్లకి ప్రాణం పోసేవాడు మాస్టారు. మెడ కింద అడ్డంగా ఉండే జత్రుక ఎముక విరిగినవాడు ఆ పక్క చేతిని రెండో చేత్తో పసిబిడ్డలా మోసుకుంటూ ఎలా వస్తాడో చేసి చూపించేవాడు. మోకాలి చిప్ప జారినవాడు మెట్టు దిగేముందు మెట్టుని ఎంత అనుమానంగా చూస్తాడో చూపించేవాడు.

కానీ ఆయనకి పేరు తెచ్చింది తుంటి పాఠం. తుంటి ఎముకని ఎత్తి పట్టుకుని, "ఇదిగో, ఈ గుంటని ఉలూఖలం అంటారు. ఉలూఖలం అంటే రోలు. ఇందులో తిరిగే పొత్రం తొడ ఎముక తల. రోలుకి లోతు లేకపోతే పొత్రం నిలుస్తుందా? నిలవదు. నిలవకపోతే మనిషి ఎలా నడుస్తాడో చూడండి" అని ఎముక బల్ల మీద పెట్టి, నల్లబల్ల దగ్గర్నుంచి తలుపు దాకా నడిచేవాడు. కుడి కాలు మోపినప్పుడల్లా ఎడమ తుంటి కిందికి జారేది, ఒళ్ళంతా కుడికి ఒరిగేది, ఎడమ చెయ్యి వేళ్ళు విప్పుకుని కాస్త వెనక్కి చాచుకునేది. క్లాసు గొల్లుమనేది. "మళ్ళీ సార్, మళ్ళీ!" అని బల్లలు చరిచేవారు. ఆయన మళ్ళీ నడిచేవాడు.

"చూసింది మరిచిపోవచ్చు. నవ్వింది మాత్రం మరిచిపోరు" అనేవాడు చేతికంటిన సుద్ద దులుపుకుంటూ.

ఆ నడక ఎక్కడ నేర్చారని ఎవరూ అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు. అది ఆయన అక్క నడక.

అక్క ఆయన కన్నా బాగా పెద్దది. బజారు వీధిలో తండ్రి వదిలి వెళ్ళిన గడియారాల కొట్టు నడిపేది. కొట్టంటే మూడు వైపులా అద్దాలున్న చిన్న గది. అందులో ఎత్తు పీట మీద కూర్చుని, కంటికి భూతద్దం తగిలించుకుని, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఆవగింజంత మరలతో కుస్తీ పట్టేది. ఎవరైనా ఆగిపోయిన గడియారం తెస్తే, "ఆగిపోలేదు నాయనా, నీ కోసం చూసి చూసి విసుగెత్తి పడుకుంది" అనేది. పై వీధుల నుంచి ఏళ్ళ తరబడి వచ్చేవాళ్ళకి కూడా ఆమె కుంటుతుందని తెలియదు. వాళ్ళు ఆమెని కూర్చోగా తప్ప చూడలేదు.

మాస్టారు చిన్నప్పుడు అక్కే ఆయన్ని బడికి తీసుకెళ్ళేది. కుడి పక్కకి ఒరిగిపోతుంది కాబట్టి ఎడమ చేత్తో తమ్ముణ్ణి పట్టుకునేది. తమ్ముడు పెద్దవాడై చెయ్యి వదిలేశాడు గానీ, ఆ చెయ్యి మాత్రం అలాగే, ఎవరో వచ్చి పట్టుకుంటారన్నట్టు వెనక్కి చాచుకునే ఉండిపోయింది. ఆ సంగతి ఆమెకి తెలియదు. చూసిన తమ్ముడికి తెలుసు.

ఆ ఏడాది అక్క నొప్పి ముదిరింది. పీట దిగడానికి గోడ, గోడ వదలడానికి తలుపు కావలసి వచ్చింది. మాస్టారి భార్య ఊరుకోలేదు.

"ఇంట్లో ఎముకల పండితుణ్ణి పెట్టుకుని వదిన గోడలు పట్టుకుని నడుస్తోంది. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి కుడితిలో పడ్డట్టుంది మన సంసారం. మీ ఆస్పత్రికి ఎప్పుడు తీసుకెళ్తారు?"

"తీసుకెళ్తాను. అక్కడ రద్దీ తగ్గనీ" అని నానుస్తూ వచ్చాడు. అసలు భయం రద్దీ కాదు. ఆ ఆస్పత్రి కాలేజీదే. వరండాల నిండా ఆయన పాఠం విన్న పిల్లలే ఉంటారు.

చివరికి పిల్లలెవరూ ఉండని పూట చూసుకుని తీసుకెళ్ళాడు. వెళ్ళేసరికి ఎముకల డాక్టరు గదిలో ఒక గుంపు నిలబడి ఉంది. పొద్దుటి క్లాసు జరగక మధ్యాహ్నానికి మార్చారట. "నమస్కారం సార్!" అన్నారు అందరూ ఒక్కసారిగా.

డాక్టరు పెద్దమనిషి. "పిల్లలున్నారు, మీకు ఇబ్బందైతే పంపించేస్తానమ్మా" అన్నాడు.

"నాకేం ఇబ్బంది? నేర్చుకోనివ్వండి. వీళ్ళు బాగా నేర్చుకుంటేనే కదా నాలాంటి వాళ్ళు బాగుపడేది" అంది అక్క.

మాస్టారు మూలకి, ఎక్స్‌రేలు చూసే దీపం పెట్టె పక్కకి జరిగాడు. నడవమనకపోతే బాగుండునని మనసులో అనుకుంటూనే ఉన్నాడు.

"తలుపు దాకా వెళ్ళి రండమ్మా" అన్నాడు డాక్టరు.

అక్క వెళ్ళి వచ్చింది. వెనక వరసలో ఎవరో ఫక్కున నవ్వబోయి దగ్గులోకి మార్చుకున్నారు. ముందు నిలబడ్డ అమ్మాయి, క్లాసులో అందరికన్నా చురుకైన పిల్ల, అప్పటికే చెయ్యెత్తేసింది.

"చెప్పు, ఏం గమనించావు?"

"కుడి కాలి మీద బరువు వేసినప్పుడు ఎడమ తుంటి జారుతోంది సార్. అది సర్దుకోవడానికి ఒళ్ళు కుడికి ఒరుగుతోంది. ఎడమ చెయ్యి వెనక్కి చాచి వేళ్ళు విప్పి..."

"చెయ్యా? అది ఏ పుస్తకంలో ఉంది?"

"పుస్తకంలో లేదు సార్. మా సార్ క్లాసులో నడిచి చూపించారు. అచ్చం ఇలాగే!" అని ఆ పిల్ల మొహం వెలిగిపోతుండగా మాస్టారి వైపు తిరిగింది. తన గురువు ఎంత గొప్పవాడో పది మందిలో చెప్పే అవకాశం దొరికిందని ఆమె సంతోషం.

డాక్టరు నవ్వాడు. "చెయ్యి జబ్బులో భాగం కాదమ్మా. అది ఈవిడ సొంత అలవాటు. ఇంకెవరికీ అలా ఉండ..."

మాట సగంలో ఆగిపోయింది. డాక్టరు అక్కని చూశాడు, మూలన ఉన్న మాస్టారిని చూశాడు. అక్క తల వంచి తన ఎడమ చెయ్యి వైపు చూసుకుంది. అది ఇంకా అలాగే, వేళ్ళు విప్పుకుని, వెనక్కి చాచుకుని ఉంది. మెల్లగా వేళ్ళు ముడుచుకుంది.

"మీ సారు మా తమ్ముడేనమ్మా" అంది ఆ పిల్లతో, పెళ్ళిలో చుట్టాన్ని పరిచయం చేసినంత మర్యాదగా.

ఆ పిల్ల మొహంలో నెత్తురు చుక్క లేదు. మాస్టారు దీపం పెట్టెలో ఎవరిదో మోచేతి ఎక్స్‌రేని తదేకంగా చూస్తూ నిలబడ్డాడు. భూమి బద్దలై లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది. భూమి ఆ పని ఎవరికీ ఎప్పుడూ చేసిపెట్టలేదు.

ఇంటికి చేరి, అక్క తన గదిలో మంచం మీద కూర్చుని, తమ్ముణ్ణి పిలిచింది.

"ఏదీ, నడిచి చూపించు."

"వదిలెయ్ అక్కా..."

"ఊరందరికీ చూపించావు. నాకు చూపించడానికేం?"

"అక్కా, పాఠం కోసం..."

"పాఠం కోసమే అనుకో. నేనూ నేర్చుకుంటాను. నడువు."

భార్య మంచినీళ్ళ గ్లాసుతో గుమ్మంలో ఆగిపోయింది. మాస్టారు కిటికీ దగ్గర్నుంచి బీరువా దాకా నాలుగడుగులు వేశాడు. ఏళ్ళ తరబడి వేసిన అడుగులే, కానీ ఆ పూట కాళ్ళు ఆయన మాట వినలేదు. అక్క నవ్వలేదు, కోప్పడలేదు. మూత తీసిన గడియారాన్ని చూసినట్టు చూసింది.

"అంత ఒరుగుతానా నేను?"

"కొంచెం పెంచి చేస్తానక్కా. వెనక బెంచీలకి కూడా కనబడాలని."

"పెంచి చేస్తావు." ఆ మాటని ఆమె ఒకసారి నోట్లో తిప్పుకుంది. "నవ్వుతారా పిల్లలు?"

"లేదు."

"అబద్ధం. నువ్వు నవ్వించకుండా నీళ్ళు కూడా అడగలేవు." తన కుడి కాలి వైపు చూసుకుంది. "నాదేదో చిన్న కుంటు అనుకున్నానురా. అద్దంలో మొహమైతే కనబడుతుంది గానీ నడక కనబడదు కదా. ఇంతుందని నాకు తెలీదు."

ఆ మర్నాటి నుంచి అక్క నడక మారిపోయింది. ఒరగకుండా నడవాలని పళ్ళు బిగబట్టి, నడుము నిటారుగా పెట్టి, ఒక్కో అడుగూ లెక్కగా వేసేది. దాంతో నొప్పి రెట్టింపయింది. కొట్టుకి బండి మీద వెళ్ళి, సరిగ్గా వాకిట్లోనే ఆపమనేది. వీధిలో నలుగురూ ఉంటే వాళ్ళు వెళ్ళేదాకా లోపలే కూర్చునేది.

"వదిన ఖాళీ సంచీ పట్టుకుని వెళ్తోంది రోజూ, ఎడమ చేత్తో. అందులో ఏమీ ఉండదు. ఎందుకో మీకు తెలుసా?" అంది భార్య ఒక పొద్దున.

తెలుసు. ఆ చేతికి ఏదో ఒక పని ఉండాలి. మాస్టారు చెప్పులు వేసుకుని బయటపడ్డాడు. ఉన్నదాన్ని వెక్కిరించడం ఒక ఎత్తు. ఇన్నేళ్ళూ సిగ్గు ఎరగకుండా నడిచిన మనిషికి సిగ్గు నేర్పడం ఇంకో ఎత్తు. అది తన చేతి మీదుగా జరిగిందని తలచుకుంటే ఆయనకి తన కాళ్ళ మీద తను నడవబుద్ధి కాలేదు.

కాలేజీలో సంగతి గుప్పుమంది. ఎవరూ ఏమీ అనలేదు, అదే వచ్చిన చిక్కు. భుజం పాఠంలో జత్రుక విరిగినవాణ్ణి ఎప్పటిలాగే చేసి చూపించబోతే, క్లాసంతా తలలు వంచుకుని రాసుకోవడం మొదలుపెట్టింది. ఒక్కరు నవ్వలేదు. ఈ భుజం ఇంకెవరిదో అని ప్రతివాడూ అనుకుంటున్నట్టు ఆయనకి తోచింది. ఎత్తిన భుజాన్ని దించుకుని నల్లబల్ల వైపు తిరిగాడు.

క్లాసయ్యాక ఆ అమ్మాయి గుమ్మం దగ్గర నిలబడింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"తప్పు నాది సార్. నోరు మూసుకుని ఉండాల్సింది."

"నీ తప్పేముందమ్మా? నేను నేర్పిందే నువ్వు చెప్పావు."

"అమ్మగారికి నా తరఫున..."

"నేనే ఇంకా చెప్పుకోలేదు" అన్నాడు మాస్టారు. ఆ పిల్ల నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది. తను అడగాల్సిన క్షమాపణ తన శిష్యురాలు ముందే అడిగిపోయిందని ఆయనకి తల కొట్టేసినట్టయింది.

ఆ సాయంత్రం బజారు వీధికి వెళ్ళాడు. అక్క ఎదుట ఒక పాత చేతి గడియారం పొట్ట విప్పుకుని ఉంది. ఆయన ముక్కాలి పీట లాక్కుని కూర్చున్నాడు.

"ఊపిరి గట్టిగా వదలకు, మరలు ఎగిరిపోతాయి" అంది తలెత్తకుండా.

"తప్పయిందక్కా."

అక్క పట్టకారుతో ఒక సన్నటి చక్రాన్ని దాని చోట కూర్చోబెట్టింది. భూతద్దం తీసి పక్కన పెట్టింది.

"నాకు వెక్కిరింపు కొత్త కాదురా. ఈ వీధిలో పుట్టిన ప్రతి పిల్లాడూ ఏదో ఒక రోజు నా వెనక నడిచినవాడే. అది కాదు నన్ను కోసింది. ఇన్నేళ్ళూ నా నడకని రోజూ కాలేజీకి తీసుకెళ్ళావు. నన్ను ఒక్కసారైనా తీసుకెళ్ళావా?"

"నీకు కాలు నొప్పి కదా, అక్కడ మెట్లు ఎక్కువ..."

"మెట్లున్నాయని నాకెలా తెలుస్తుంది? చూస్తే కదా!"

పట్టా ఇచ్చిన రోజున, ఉద్యోగంలో చేరిన రోజున, వార్షికోత్సవాల్లో, అందరి వాళ్ళూ వచ్చారు. తన వైపు నుంచి భార్య వచ్చింది. "అక్కకి కొట్టు వదిలి రావడం కుదరదు" అని అడిగినవాళ్ళకి చెప్పాడు. కుదురుతుందా అని అక్కని అడగలేదు.

"రేపు తీసుకెళ్తాను."

"అడిగించుకుని తీసుకెళ్ళేది కాదది" అంది అక్క. కానీ మర్నాడు వచ్చింది.

కాలేజీ వరండా పొడుగ్గా, రెండు పక్కలా కిటికీలతో, పిల్లలతో కిటకిటలాడుతోంది. వాళ్ళు తప్పుకుని దారి ఇచ్చారు. అక్క సంచీ పట్టుకుని నిలువుగా నడవాలని చూసింది, సగం దూరం వెళ్ళేసరికి నొప్పి గెలిచింది, ఒరగడం మొదలైంది. మాస్టారి చెవులు వేడెక్కాయి. ఎప్పుడు జరిగిందో ఆయనకే తెలియదు, చూసుకునేసరికి ఆమె కన్నా నాలుగడుగులు ముందుకి వచ్చేసి ఉన్నాడు. గభాలున ఆగిపోయాడు.

"వెళ్ళు, వెళ్ళు. నాకు అలవాటే" అంది అక్క దగ్గరికి వచ్చి.

ఎముకల గదిలో ఆ పూట ఎవరూ లేరు. గోడల పొడుగునా అద్దాల బీరువాలు, బల్లల మీద చెక్కపెట్టెలు, మూలన కొక్కేనికి వేలాడుతున్న అస్థిపంజరం. అక్క దాని ముందు ఆగి, "ఈయనకి ఇంట్లో తిండి సరిగ్గా పెట్టినట్టు లేరు" అంది. ఆస్పత్రి తర్వాత ఆమె నోట వచ్చిన మొదటి హాస్యం అది. మాస్టారికి ప్రాణం లేచి వచ్చింది.

ఎముకలు చూస్తుంటే ఆమెలో గడియారాలు విప్పే మనిషి నిద్ర లేచింది. మోచేతి దగ్గర రత్ని, అరత్ని అనే రెండు ముంజేతి ఎముకలు ఒకదాని చుట్టూ ఒకటి ఎలా తిరుగుతాయో తిప్పి తిప్పి చూసింది. భుజం వెనక రెక్క ఎముకని, అంసఫలకాన్ని, వెలుగుకి ఎత్తి, "ఎంత పల్చగా ఉందిరా, అవతలి వెలుగు కనబడుతోంది" అంది. తుంటి ఎముక ఒక చేత్తో, తొడ ఎముక ఒక చేత్తో పట్టుకుని, గుండ్రటి తలని గుంటలో పెట్టి తిప్పింది. అది మెత్తగా తిరిగింది.

"బాగా కూర్చుంది. మరి నాది?"

మాస్టారు ఆస్పత్రిలో ఆమెకి తీసిన ఎక్స్‌రేని కవరులోంచి లాగి కిటికీ వెలుగులో పట్టుకున్నాడు. "ఇదిగో, ఎడమ పక్క గుంట లోతుగా ఉంది. కుడి పక్క చూడు, గుంట కాదు, మూకుడు. తల అందులో నిలవలేక పైకి జరిగిపోయింది."

"లోతు ఎందుకు లేదు?"

"పసితనంలో తల లోపల కూర్చుని తిరుగుతుంటేనే ఆ ఒత్తిడికి గుంట లోతవుతుంది. నీకు పుట్టుకతోనే అది చోటు తప్పి ఉంది. అందుకే..."

"పుట్టుకతోనా?"

అక్క చేతిలో తొడ ఎముక అలాగే ఉండిపోయింది.

"గోడ మీంచి దూకినందుకు కాదూ?"

ఆ ఇంట్లో అందరికీ తెలిసిన కథ అది. చిన్నప్పుడు వద్దంటున్నా వినకుండా పెరటి గోడ ఎక్కి దూకింది, కాలు పోయింది. అడిగినవాళ్ళకల్లా అమ్మ అదే చెప్పేది. తమ్ముడు అల్లరి చేస్తే, "మాట వినకపోతే ఏమవుతుందో మీ అక్కని చూడు" అనేది. అక్క పక్కనే నిలబడి, "అవును, నా తిక్కే నన్ను కుంటిదాన్ని చేసింది" అని తలూపేది. ఎంత నొప్పి వచ్చినా డాక్టరు దగ్గరికి వెళ్ళకపోవడానికి కూడా అదే కారణం. చేసుకున్నవాళ్ళకి చేసుకున్నంత అనుకునేది.

"కాదక్కా. గోడకీ దానికీ సంబంధం లేదు. నువ్వు మొదటి అడుగు వేసిన రోజు నుంచే అలా నడిచి ఉంటావు. గోడ దూకాకే ఇంట్లోవాళ్ళ కళ్ళు దాని మీద పడ్డాయి."

"నీకెప్పుడు తెలిసింది?"

ఎక్స్‌రే చూశాకే అని నాలుక చివరిదాకా వచ్చింది. చేతిలో ఆ ఎక్స్‌రే ఉంది, చెబితే నమ్ముతుంది కూడా. కానీ ఆ మాట బయటికి రాలేదు.

"చదువుకునేటప్పుడే. తుంటి పాఠం మొదటిసారి విన్న రోజే."

"అప్పటికి అమ్మ బతికే ఉంది."

"ఉంది."

"అమ్మకీ చెప్పలేదు."

"లేదు."

"ఎందుకురా?"

వెతికాడు. చెప్పుకోదగ్గ కారణం ఒక్కటీ దొరకలేదు. ఇంట్లో అక్క కాలి ఊసు ఎత్తడం ఆయనకి ఇష్టం లేదు, అంతే. "నువ్వు బాధపడతావని" అన్నాడు చివరికి, ఆ మాట ఎంత బోలుగా ఉందో తనకే వినబడుతుండగా.

"నేను బాధపడతానని కాలేజీ అంతటికీ చెప్పి, నాకొక్కదానికే చెప్పలేదన్నమాట" అంది అక్క. గొంతు పెంచలేదు. తొడ ఎముకని చెక్కపెట్టెలో దాని చోట సరిగ్గా పడుకోబెట్టి మూత వేసింది. "పద, ఇంటికి పోదాం."

తర్వాత చాలా రోజులు అక్క ఆయనతో పొడి మాటలే మాట్లాడింది. అన్నం తిన్నావా అంటే తిన్నాను, కొట్టు తీశావా అంటే తీశాను. మరదలితో మాత్రం మాట్లాడింది. ఒక సాయంత్రం వంటింట్లోంచి ఆమె గొంతు మాస్టారికి వినబడింది.

"ఆ గోడని ఎన్ని తిట్లు తిట్టానో తెలుసా? దాన్ని కట్టిన మేస్త్రీని కూడా తిట్టాను, పాపం. అమ్మ పోయేటప్పుడు కూడా, నా మాట వినుంటే నీ బతుకు ఇలా ఉండేది కాదే అని ఏడిచింది. నేనే ఓదార్చాను."

మాస్టారు ముందు గదిలో పుస్తకం తెరుచుకుని కూర్చున్నాడు. పేజీ తిప్పిన చప్పుడైనా వాళ్ళకి వినబడకూడదన్నట్టు కదలకుండా కూర్చున్నాడు.

ఆపరేషన్ సంగతి ఆయనకి డాక్టరు చెబితేనే తెలిసింది. అక్క, భార్య కలిసి వెళ్ళి మాట్లాడుకుని, రోజు కూడా ఖాయం చేసుకుని వచ్చారు. "నొప్పి భరించలేక చేయించుకుంటోంది, ఇంకెవరి కోసమూ కాదు. అది మీకు స్పష్టంగా చెప్పమంది" అంది భార్య.

ఆపరేషన్‌కి ముందురోజు మధ్యాహ్నం డాక్టరు అక్క మంచం దగ్గరికి వచ్చి కాస్త మొహమాటపడ్డాడు. "అమ్మా, పిల్లలు వస్తామంటున్నారు. మీరు వద్దంటే వద్దు."

"రమ్మనండి. ఈసారి నేనే చెప్తాను వాళ్ళకి, ఏది జబ్బో ఏది అలవాటో. మా తమ్ముణ్ణి మాత్రం కాసేపు బయట కూర్చోమనండి. వాడుంటే పిల్లలు వాడి మొహం చూస్తారు గానీ నా కాలు చూడరు."

మాస్టారు బయటికి వచ్చి వరండాలో బల్ల మీద భార్య పక్కన కూర్చున్నాడు. పిల్లలు ఒక్కొక్కరే ఆయనకి నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళారు. అందరికన్నా చివర ఆ అమ్మాయి వెళ్ళింది. తలుపు మూసుకుంది.

లోపలి నుంచి అక్క గొంతు వినబడుతోంది, మాటలు తెలియడం లేదు. అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్ళింది. ఎవరో ఏదో అడిగారు. అక్క ఏదో అంది. ఒక్క క్షణం ఆగి, గదిలో అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వులో అక్క నవ్వు కూడా ఉంది.

"ఏం చెప్పిందంటారు?" అంది భార్య.

"తెలీదు" అన్నాడు మాస్టారు. లేవబోయి, మళ్ళీ కూర్చున్నాడు.